పేడ గ్యాసు మీద పాలు

తెలివితక్కువ పని చేసేటప్పుడు మనిషికి వచ్చే హుషారు తెలివైన పనికి రాదు. పంతొమ్మిదివందల అరవైల చివర్లో, గరివిడి దగ్గర మా అత్తవారి ఊళ్లో, పెరట్లో పేడ గ్యాసు గొయ్యి కట్టినప్పుడు నా హుషారు అలాంటిదే. బ్లాకు ఆఫీసు వాళ్లు మా ఆయన్ని ఒప్పించారు. నన్ను ఎవరూ ఒప్పించనక్కర్లేకపోయింది. పొగ లేని పొయ్యి అన్న మాట చెవిన పడగానే పేడతట్ట నెత్తికెత్తుకున్నాను. ఇటుకలతో బావిలాంటి గొయ్యి, అందులో నీళ్లు కలిపిన పేడ, దానిమీద బోర్లించిన ఇనుప డ్రమ్ము. పేడ పులిసి గ్యాసు పుట్టేకొద్దీ డ్రమ్ము పైకి లేస్తుంది, గొట్టంలోంచి గ్యాసు వంటింటి పొయ్యికి వస్తుంది.

ఆ గొయ్యికి ఎంత పోసినా ఆకలే. మా పశువులది చాలక ఊరందరి గొడ్ల వెనకా తిరిగాను. ఆ ఊపులో పశువులశాల అటక మీద విడిగా పేర్చిన పిడకలు కనిపిస్తే, అవీ నానబెట్టి, పిసికి, పోసేశాను. అత్త రథసప్తమి కోసం, నేల తగలకుండా పట్టిన ఆవు పేడతో స్వయంగా చేసి దాచుకున్న పిడకలవి. వాటి మీద ఎండలో పాలు పొంగించి సూర్యనారాయణమూర్తికి పరమాన్నం పెట్టడం, ఆవిడ కాపురానికొచ్చిన ఏడాది నుంచీ ఒక్కసారీ తప్పలేదు. ఇంకొకరి పిడకలు ఆవిడకు పనికిరావు.

పండగ పొద్దున ఖాళీ అటక చూసి అత్త నన్ను పిలిచింది.

"ఒసే, నా పిడకలేవే?"

"గోతిలో ఉన్నాయత్తా."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. "ఇన్నేళ్లలో ఒక్కపాలీ ఆగనేదు. ఈయేడు సామికి ఏటి సెప్పుకోను?" అంది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే పాలు పొంగవు కదా! నోరు చేసుకున్నాను.

"ఆ గేసు నీ పిడకల్లోంచే కదత్తా పుట్టినాది. ఎండిందైనా పులిసిందైనా ఆవు పేడ ఆవు పేడే."

అత్త గొయ్యి దాకా వెళ్లి తొంగి చూసింది. "సరే, పొయ్యి వాకిట్లోకి లాక్కురా. పాలు పొంగకపోతే నీ పని సెప్తాను."

రబ్బరు గొట్టం సాగదీసి పొయ్యిని ఎండలోకి తెచ్చి వెలిగించాను. ఎండలో ఆ నీలిమంట కనపడి చస్తేనా! "మంటేదే?" అంది అత్త. తాటాకు ముక్క అంటించి చూపించాక ఇత్తడి గిన్నె పెట్టి పాలు పోసింది. పాలు వేడెక్కాయి, మీగడ కట్టాయి, అక్కడే ఉండిపోయాయి. మాఘమాసపు చలికి గ్యాసు మందగించింది. సూర్యుడు మాత్రం కొబ్బరిచెట్ల పైకి వచ్చేస్తున్నాడు.

డ్రమ్ము మీద బరువు పెడితే గ్యాసు జోరుగా వస్తుందని మా ఆయన రుబ్బురోలు పొత్రం ఎత్తి పెట్టాడు. చాల్లేదు. తనే ఎక్కాడు. బక్కపలచని మనిషి, డ్రమ్ముకి తెలియనే లేదు. అప్పుడు అత్త అరుగు మీదున్న మావయ్య కేసి తిరిగింది. ఊళ్లో తగవులు తీర్చే పెద్దమనిషి, ధాన్యం బస్తాలాంటి ఒళ్లు. ఆ పేడ గొడవ జోలికి చచ్చినా రానని ఒట్టు పెట్టుకున్నాడు.

"మీరెక్కండి," అంది అత్త.

"నానెక్కాలా? పేడ మీదా?"

"పేడ మీద కాదు, డ్రమ్ము మీద. సామి కోసం ఎక్కండి!"

పంచె ఎగగట్టి ఎక్కాడు. డ్రమ్ము కిందికి దిగింది, చుట్టూ పేడనీళ్లు బుడబుడలాడాయి, ఇటు పొయ్యి బుస్సుమంది. పాలు అంచు దాటి తూర్పుకే పొంగి, కారి, మంటని ఆర్పేశాయి. నేను ఒక్క ఉదుటున గ్యాసు కట్టేశాను.

"పొంగినాదేటే?" పెరట్లోంచి మావయ్య కేక.

అత్త పాల కేసి చూసింది, నా కేసి చూసింది.

"ఇంకా నేదు, కదలకుండా కూకోండి!" అని అరిచి, "బియ్యం ఉడకాల కదే, మళ్లీ ఎలిగించు," అని నా చెవిలో గొణిగి, చెంగు నోట్లో కుక్కుకుని నా భుజం మీద వాలిపోయి నవ్వింది. ఆ ఇంట్లో అడుగుపెట్టి రెండేళ్లయినా, ఆవిడ నన్ను ముట్టుకోవడం అదే మొదలు.