కొట్టేసిన ఎనిమిది ఏకాదశులు

1956 నవంబరులో మా వారికి హైదరాబాదు బదిలీ అయింది. గుంటూరు నుంచి వచ్చి నాంపల్లిలో ఒక పాత ఇంటి ముందు రెండు గదుల్లో అద్దెకు దిగాం. వెనక భాగంలో ఇంటి యజమానురాలు ఉండేది. భర్త పోయిన మనిషి, పెద్ద గొంతు. నేను దగ్గర్లోని బడిలో లెక్కలు చెప్పేదాన్ని. 1959లో మాకు అమ్మాయి పుట్టింది. ఒక్కతే.

ఎనిమిదో ఏడు వచ్చాక పిల్ల రెండు మెట్లెక్కితే ఆయాసపడటం మొదలుపెట్టింది. డాక్టరు ఎక్స్‌రే చూసి గుండె పెద్దదైందన్నాడు. కండరంలో సత్తువ లేదు, ఎందుకో తెలియదు, పరుగెత్తనివ్వకండి అన్నాడు. వెళ్ళినప్పుడల్లా "ఏం తింటోంది?" అని అడిగేవాడు. పొద్దున ఇడ్లీ, రెండు పూటలా అన్నం, రాత్రికి పాలు అని చెప్పేదాన్ని. ఏకాదశి సంగతి ఒక్కసారీ చెప్పలేదు. ఆయన ఏం తింటుందని అడిగాడు గానీ, ఏ రోజు తినదని అడగలేదు.

పిల్ల గుండె బాగుపడాలని మా అత్తయ్య మొక్కుకుంది. రెండేళ్ళు ఏకాదశులు, పిల్ల చేతే. ఏడాదికి ఇరవై నాలుగు, మొత్తం నలభై ఎనిమిది. 1967 తొలి ఏకాదశికి మొదలుపెట్టాం.

"చిన్నపిల్ల కదే, పాలు తాగనియ్యి" అంది అత్తయ్య.

"ఉపవాసమని మొక్కుకుని పాలేమిటి అత్తయ్యా?" అన్నాను.

మొక్కు ఆవిడది, పట్టింపు నాది. తులసి తీర్థం తప్ప మరేదీ ఇవ్వలేదు. మర్నాడు ద్వాదశిలో మొదటి పాదం వెళ్ళాకే పారణ. పంచాంగం చూసి, గడియారం చూసి, అప్పుడు వడ్డించేదాన్ని. ప్రతి ద్వాదశికీ పిల్ల ఎలా ఉందో గోడ క్యాలెండరులో పెన్సిలుతో రాసేదాన్ని. నీరసం, వాంతి, కళ్ళు తిరిగాయి, బాగుంది. ఏడాది తిరిగేసరికి పదహారు రోజులు బాగాలేదు, ఎనిమిది రోజులు బాగుంది. ఉపవాసమన్నాక నీరసం ఉండదా అని పదహారింటికీ సర్దిచెప్పుకున్నాను. ఆ ఎనిమిదీ మొక్కు ఫలిస్తున్న గుర్తులనుకున్నాను.

ఇరవై నాలుగో ద్వాదశి సాయంత్రం బడి నుంచి వచ్చి ఉతకడానికి తీస్తే, పిల్ల నిన్నటి గౌను అంచుకి బెల్లం అంటుకుని ఉంది. అడిగితే వెనక వాకిలి వైపు చూసింది. వెనక వాకిట్లోకి వెళ్ళాను.

"ఔ, పెట్టిన" అంది ఇంటావిడ, చేతిలోని చేట కింద పెట్టకుండానే. "రొట్టె నలిపి బెల్లమేసి మలీద ముద్ద పెట్టిన. ఏంది తప్పు? పసిపోరిని గిట్ల ఎండవెడ్తరా టీచరమ్మా? మీ దిక్కు దేవునికి గింత కోపముంటదా?"

"ఎన్నిసార్లు పెట్టారు?"

"నాకు నీలెక్క లెక్కలు రావమ్మా. నువ్వు బడినుంచి లేటైన దినాలు పెట్టిన. దేవునికి జవాబు నేను చెప్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

పిల్లకు మాత్రం లెక్క తెలుసు. ఎనిమిదిసార్లంది. ఏయే రోజులో కూడా చెప్పింది. క్యాలెండరులో "బాగుంది" అని రాసుకున్నవి సరిగ్గా ఆ రోజుల మర్నాళ్ళే. అది నా కళ్ళముందే ఉంది. ఇరవై మంది పిల్లలకు రోజూ లెక్కలు దిద్దే నేను ఆ రెండిటినీ కలిపి చూడలేదు. మొక్కు ఎనిమిదిసార్లు చెడిందని మాత్రమే చూశాను. ఆ ఎనిమిదీ ఎర్ర సిరాతో కొట్టేశాను.

"అంటే అవి మళ్ళీ చెయ్యాలా అమ్మా?" అంది పిల్ల.

"చెయ్యాలి."

మళ్ళీ ఏకాదశి వచ్చేలోపే ఇల్లు మార్చేశాం. అబిడ్స్‌లో, పోస్టాఫీసు వెనక సందులో, మేడ మీద గదులు. మెట్లు పిల్లకు కష్టమని మా వారన్నారు. ఇక్కడ తలుపు తట్టి ముద్దలు పెట్టేవాళ్ళుండరు అన్నాను. అక్కడ ఏడు ఏకాదశులు చేసింది. ఏడు ద్వాదశులూ బాగాలేదు. ఏడో ఏకాదశి 1968 దసరా మర్నాడు వచ్చింది. ఆ ద్వాదశి పొద్దున పిల్ల గోడకి ఆనుకుని కూర్చుంది. పెదాలు తెల్లగా ఉన్నాయి.

"ఇంకా ఎంతసేపమ్మా?"

"ఇరవై నిమిషాలు" అన్నాను.

అన్నం ఉడికి ఉంది. పప్పు దించాను. గడియారం చూస్తున్నాను గానీ పిల్లను చూడలేదు. ఆ ఇరవై నిమిషాలు పూర్తికాకముందే పక్కకి ఒరిగిపోయింది.

1971లో ఒక ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ మీద బడికి పాత పుస్తకాలు ఏరుతుంటే ఇంటావిడ కనబడింది. "టీచరమ్మా! పోరి మంచిగున్నదా? జర ఏమన్న పెడ్తున్నవా లేదా?" అంది నవ్వుతూ. బాగుందన్నాను. పుస్తకాలకు డబ్బిచ్చి వచ్చేశాను. ఆవిడకు నిజం చెప్పే అవకాశం మళ్ళీ రాలేదు.

చాలా ఏళ్ళకు మా అన్నయ్య కూతురు గుండె డాక్టరైంది. ఒకనాడు ఆ క్యాలెండర్లు దాని ముందు పెట్టాను. అది చాలాసేపు చూసింది. గుండె కండరం ఎక్కువగా కొవ్వునే మండించి పనిచేస్తుందట. ఆ కొవ్వును కణం లోపలి పొయ్యి దాకా చేర్చేదొకటి ఉంటుందట. కొందరికి పుట్టుకతోనే అందులో లోపం. తిండి అందుతున్నంతసేపూ అందులోని చక్కెరతో ఎలాగో నెట్టుకొస్తుంది. పస్తుంటే ఒళ్ళంతా కొవ్వు మీదే నడవాలి, ఆ గుండెకి అది చేతకాదు. తల్లి దగ్గరొకటి, తండ్రి దగ్గరొకటి, రెండు లోపాలూ కలిస్తేనే బిడ్డకు వస్తుందట. మాది మేనరికం, మా మేనమామ కొడుకునే చేసుకున్నాను.

"పరీక్షలేవీ లేకుండా ఖాయంగా చెప్పలేను అత్తయ్యా. కానీ నువ్వు రాసింది దానికి సరిపోతోంది" అంది. తర్వాత ఎర్ర గీతల మీద వేలు పెట్టింది. "ఈ రోజుల్లో ఏం పెట్టావు? బాగానే ఉందిగా పిల్ల."

"నేను పెట్టలేదు" అన్నాను. "నేను కొట్టేసిన రోజులవి."