ఆ చేతులకు పెట్టిన వంక

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మా ఇంట్లో వాళ్లకు కూడా తెలియదు. మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు. రేపు మా అంగడి మెట్లెక్కి నా ముఖంలోకి చూడరు. పిరికివాడి తెలివి ఇది, నాకు తెలుసు.

మాది ప్రొద్దుటూరు, బంగారం వ్యాపారం. హైదరాబాదులో చిత్రాలు అమ్మే ఒక పెద్దమనిషి మా దగ్గర నగలు చేయించుకునేవాడు. ఇంకా పేరు రాని కుర్ర చిత్రకారుల బొమ్మలు ఇప్పుడే కొనిపెట్టుకో, పేరొచ్చాక బంగారం కన్నా నయం అని ఆయనే చెప్పాడు. ఆశ పుట్టింది. బొమ్మల గురించి నాకేం తెలుసు? ఏమీ తెలియదు. ఏది పెరుగుతుందో మాత్రం వాసన పట్టగలననుకున్నాను.

అలా దొరికిన అమ్మాయి గంగాదేవి. ఆమెది సింహాద్రిపురం దగ్గర పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. చిత్రకళ చదివి, జమ్మలమడుగులో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు చెబుతూ, అద్దె గదిలో బొమ్మలు వేసేది. రెండు కొన్నాను. రెండింటిలోనూ వాళ్ల నాయనే. ఒకదానిలో గొర్రెకు బొచ్చు కత్తిరిస్తున్నాడు, ఇంకోదానిలో ఈనుతున్న గొర్రెను పట్టుకుని కూర్చున్నాడు. ఫోటోలు పంపితే హైదరాబాదు పెద్దమనిషి వెంటనే ఫోను చేశాడు. ఆ చేతులు చూశారా, అలాంటి చేతులు వేసేవాళ్లు ఇప్పుడు ఎవరున్నారు, ఆ అమ్మాయిని నా దగ్గరికి పంపండి, ఆమె బొమ్మలతోనే ప్రదర్శన పెడతాను అన్నాడు.

ఆ కబురు చెప్పడానికే జమ్మలమడుగు వెళ్లానని రాయాలని ఉంది. కాదు. ఆమె గదిలో ఇంకా పదకొండు బొమ్మలున్నాయని నాకు తెలుసు. కబురు అందేలోపు అవన్నీ చవగ్గా నావి కావాలి.

మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. పాత నగ కొనేటప్పుడు ముందు వంక పెడతాం. అతుకులకు వాడే టంకం ఎక్కువ కలిసిందంటాం. అమ్మేవాళ్లు ఊరుకోరు, మా అత్త కాలం నాటి సొమ్ము, నీకేం తెలుసని నాలుగు తిడతారు. చివరికి మధ్యలో ఎక్కడో కలుస్తాం. ఆ వంకను ఎవరూ నమ్మరు, పెట్టినవాడు కూడా.

"హైదరాబాదోళ్లు చూసినారు పాపా. నవ్వినారు," అన్నాను.

ఆమె కోప్పడలేదు. "యాడ తప్పుందన్నా?" అంది. నేర్చుకుందామని అడిగింది.

ఏదో ఒకటి చూపించాలి. ఆ గదిలోని బొమ్మలన్నిటిలోనూ వాళ్ల నాయనే. ఎదురుగా ఉన్నదానిలో వేలు తీసుకెళ్లి ఆయన చేతుల మీద పెట్టాను. వాటి మీదే ఎందుకు? అన్నిటికన్నా విలువైనవి అవేనని విన్నాను గనుక. విలువున్న చోట వంక పెడితేనే ధర దిగుతుంది.

"చేతులు గీసేది నీకు రాల్యా."

"మా నాయన చేతులు అట్లే ఉంటాయన్నా."

"ఉంటే ఉండనీ. చూసేటోళ్లకు శానా మోటుగా ఉండాయి."

ఆమె బొమ్మవైపు చాలాసేపు చూసింది. "నిజమేనేమో," అంది.

ఎదురు తిట్టాలి కదా? తిడితే నేను ధర కొంచెం పెంచేవాణ్ణి కదా? ఆమెకు మా పద్ధతి తెలియదు. తెలియదని నాకు ఆ క్షణానే అర్థమైంది. అర్థమయ్యీ, ఇంకో వారం నానితే ఇంకా చవకవుతుందని లేచి వచ్చేశాను.

వారం తర్వాత వెళితే పదకొండు బొమ్మల్లోనూ చేతుల మీద తెల్లరంగు పూసి ఉంది. మళ్లీ గీద్దామనుకుందట. ఎన్నిసార్లు గీసినా తప్పుగానే కనిపిస్తున్నాయట. ఇక తన వల్ల కాదంది.

అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే నేనెలాంటివాణ్ణో తెలిసిపోతుంది. ఆమె బతుకు ఒకవైపు, నా పరువు ఒకవైపు. ఎంచుకోవడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బయటికొచ్చి హైదరాబాదుకు ఫోను చేసి, ఆ అమ్మాయి బొమ్మలు మానేసిందండీ అన్నాను. నా దగ్గరున్న రెండూ తర్వాత ఆయనకే మంచి ధరకు అమ్మాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నాది జారడం కూడా కాదు.

పోయిన నెల పులివెందుల బస్టాండులో కనిపించింది. చీరల అంగడిలో పనిచేస్తోందట. నేను ముఖం తిప్పుకునేలోపే తనే దగ్గరికొచ్చింది.

"ఆపొద్దు నువ్వు నిజం చెప్పినావు కాబట్టి సరిపోయిందన్నా. ల్యాకుంటే ఇంకా ఆ రంగుల్లోనే పడుంటాంటి," అంది.

ఎగతాళి కాదు. నిజంగానే అంది. టీ ఇప్పించింది. నేను తల ఊపి, ఆ టీ తాగి, ప్రొద్దుటూరు బస్సెక్కాను.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు కూడా. ఇంత రాశాక నాకు కొంచెం ఊపిరి ఆడుతోంది, ఆమెకు మాత్రం ఏమీ ఒరగలేదు. ఆ చేతుల్లో ఏ తప్పూ లేదు. వేలు పెట్టి చూపించినప్పుడే నాకు ఆ సంగతి తెలుసు.