చెక్కిన పెన్సిళ్ళు

పందెం కాయకుండా మాస్టారి నోట మాట పెగిలేది కాదు. సైకాలజీ ల్యాబులో విద్యార్థుల చేత ప్రయోగాల కోసం జూదపు ఆటలు ఆడించి ఆడించి ఆయనకే ఆ రోగం అంటుకుందనేవారు. ఫ్యాను తిరగదని పందెం, టీ వేడిగా రాదని పందెం, ఈసారి పెళ్ళిరోజు మరిచిపోనని భార్యతో పందెం. డబ్బు ఊసే లేదు. ఓడినవాళ్ళు ల్యాబులో పెన్సిళ్ళన్నీ చెక్కాలి, అంతే. ఎప్పుడూ ఓడేది మాస్టారే. ఆయన చెక్కి చెక్కి ఆ పెన్సిళ్ళు బొటనవేలంత మిగిలాయి.

స్టాటిస్టిక్స్ రెండుసార్లు తప్పిన ఒకమ్మాయి ఓ మధ్యాహ్నం ఆయన ముందు అర్జీ పెట్టింది. కాలేజీ మానేస్తానని రాసిన అర్జీ.

"సంతకం పెట్టండి సార్. నా నుదుటిన పాసు రాసి లేదు."

"పెడతాలే. ముందు ఈ కార్డుల ఆట ఆడు. వంద కార్డులయ్యేలోపు మంచి కట్టేదో నువ్వు కనిపెట్టలేవు. పందెం!"

బల్ల మీద నాలుగు కట్టలున్నాయి. రెండు కట్టలు పాయింట్లను దోసిళ్ళతో ఇచ్చి గంపలతో లాక్కుంటాయి. మిగతా రెండూ కొంచెం ఇస్తాయి, అంతకంటే తక్కువే తీసుకుంటాయి. ఏది ఏదో ముందుగా చెప్పరు. ఆమె దండిగా ఇచ్చే కట్ట మీదే పడింది. పదో కార్డుకల్లా ఉన్నదంతా ఊడ్చుకుపోయింది.

"చూశారా నా అదృష్టం!"

"ఇన్నిసార్లు పోయింది కాబట్టి ఇప్పుడు వచ్చి తీరుతుందనుకుంటున్నావు కదూ?"

సరిగ్గా అదే అనుకుంటున్న ఆమెకు ఒళ్ళు మండింది. పంతానికి మళ్ళీ అదే కట్ట తీసింది. మళ్ళీ బోర్లాపడింది.

నలభై కార్డులు దాటాక ఆ కట్టవైపు వెళ్ళబోయిన చెయ్యి ఆగిపోయింది. ఎందుకో ఆమెకే తెలియదు. పక్క కట్ట తీసింది. ఆట ముగిసేసరికి పోయినవన్నీ తిరిగొచ్చాయి.

మాస్టారు దిగాలుగా పెన్సిళ్ళ డబ్బా ముందుకు లాక్కున్నారు.

"ఓడిపోయాను. దెబ్బ తగిలిన చోటు నీ చెయ్యి గుర్తుపెట్టుకుందమ్మాయ్. దాన్ని అదృష్టమనరు, నేర్చుకోవడమంటారు."

"కార్డులు వేరు, స్టాటిస్టిక్స్ వేరు సార్."

"నిజమే. మూడోసారీ తప్పుతావు. పందెమా?"

"పందెమే!" అనేసి, అర్జీ లాక్కుని విసవిసా వెళ్ళిపోయింది.

పరీక్ష దాకా ఉన్న మూడు నెలలూ ఎక్కడ ఎదురుపడినా మాస్టారిది ఒకటే పలకరింపు, "తప్పుతావు!" ఆమె పళ్ళు నూరుకుంటూ ఇంటికెళ్ళి ఇంకో నాలుగు లెక్కలు చేసేది.

"ఎవరే ఆ శాపనార్థాల మాస్టారు? పిలిస్తే అన్నానికి కూడా రావడం లేదు నువ్వు," అని వాళ్ళమ్మ విసుక్కునేది.

ఫలితాలు పదకొండింటికి. ఆమె కాలు నిలవక పదింటికే ల్యాబుకు వెళ్ళింది. మాస్టారు కంగారుగా చేతులు దులుపుకున్నారు. ఒళ్ళంతా పెన్సిల్ పొట్టు. బల్ల మీద పెన్సిళ్ళన్నీ సూదుల్లా చెక్కి ఉన్నాయి.

"ఫలితాలు ఇంకా రానేలేదు కదా సార్?"

"ఊరికే... తీరిగ్గా ఉన్నానని..."

"మరి ఇన్నాళ్ళూ తప్పుతావు, తప్పుతావని ప్రాణం తోడేశారే!"

"పాసవుతావంటే హాయిగా నిద్రపోయేదానివి," అని కసిరారాయన.

ఆమె పాసైంది. సాయంత్రం కొత్త పెన్సిళ్ళ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"వచ్చే ఏడాది కూడా ఓడాలి కదా సార్!"

"ఈసారి ఓడను," అన్నారు మాస్టారు. "పందెం!"