ఎవరూ లేనప్పుడు దిగే ప్రెస్

2023 వేసవి. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో ఉక్కు తలుపులు చేసే ఒక షెడ్డు. మిషన్లు తనిఖీ చేసే ఇంజనీరుగా నన్ను అక్కడికి పిలిచింది ఒక పవర్ ప్రెస్ కోసం. అచ్చులో పెట్టిన రేకు మీద బరువైన ఇనుప దిమ్మతో ఒక్క దెబ్బ వేసే మిషను అది. ఆ దిమ్మను ర్యామ్ అంటారు. దాని కింద ఆపరేటరు జహీర్ కుడిచేతి వేళ్ళు నలిగిపోయాయి.

నేను వెళ్ళేసరికి ప్రెస్సుకు తాయెత్తు, నిమ్మకాయలు పక్కపక్కనే వేలాడుతున్నాయి. బయట కుదరని మతసామరస్యం ఆ ఇనుము మీద చక్కగా కుదిరింది.

చేతికి కట్టుతో వచ్చిన జహీర్‌ది నిజామాబాద్. "జిన్ను సార్ ఇది. అందరం పని చేస్తుంటే మేకపిల్ల లెక్క ఉంటది. అసర్ నమాజుకు అందరు పోయినంక దానంతట అదే దిగుతది."

"తెలిసీ చెయ్యెందుకు పెట్టావు?"

"అచ్చు సాఫ్ చేసేది బ్రేక్‌లనే గద సార్. డ్యూటీల చేస్తే పని ఆగుతదంటరు. మోటర్ గూడ బందు చెయ్యనియ్యరు."

మేనేజరు గుంటూరు వైపు వాడు. "బ్రేక్‌లో చెయ్యి పెడితే అది డ్యూటీ కాదు కదండీ. తప్పు తనదేనని అతనే సంతకం పెడతానంటున్నాడు. మిషను బాగుందని మీరూ రాసెయ్యండి."

జహీర్ తలూపాడు. ఆ సంతకంతో పరిహారం పోతుందని అతనికి తెలుసు. కానీ జిన్ను మీద కేసు ఎవరు వేస్తారు?

మూడు గంటల అసర్ నమాజు దాకా ఆగుదామన్నాను. అజాన్ వినిపించగానే గాలితో నడిచే గ్రైండర్లు ఒక్కొక్కటే ఆగాయి. ఖాళీ షెడ్డులో ప్రెస్ చక్రం ఒక్కటే ఊపిరి పీలుస్తున్నట్టు తిరుగుతోంది. అచ్చులో చెక్క పెట్టి మేం ముగ్గురం దూరంగా నిలబడ్డాం. ఎవరూ కదల్లేదు. ఉన్నట్టుండి ర్యామ్ దిగింది. చెక్క ముక్కలైంది. హేతువాదినే అయినా ఒక అడుగు వెనక్కి వేశాను.

"చెప్పిన గద సార్," అన్నాడు జహీర్ గుసగుసగా.

నేను మాత్రం గాలి పైపు మీది గేజ్ చూస్తున్నాను. ర్యామ్‌ను దింపే క్లచ్ గాలి ఒత్తిడితో పనిచేస్తుంది. గ్రైండర్లు గాలి వాడుకుంటున్నంతసేపూ ఒత్తిడి తక్కువ. అవి ఆగితే పెరుగుతుంది. అరిగిన వాల్వ్ దాన్ని ఆపలేక క్లచ్‌లోకి వదిలేస్తుంది. గ్రైండర్లు నడిపించాం, ప్రెస్ కదల్లేదు. ఆపాం, మళ్ళీ దిగింది. ప్రెస్సుకు గాలి మూసేశాను. ఎంతసేపు చూసినా జిన్ను రాలేదు.

నమాజు నుంచి తిరిగొచ్చిన ఫోర్‌మన్‌ను జహీర్ అడిగాడు. "వాల్వ్ ఖరాబైందని నీకు ఎర్కేనా అన్నా?"

ఫోర్‌మన్ మేనేజరు వైపు చూశాడు. "సార్‌కు ఎన్నోసార్లు చెప్పిన తమ్మీ. మౌల్వీని పిలిపిస్త అన్నడు. పిలిపిచ్చిండు గూడ."

జహీర్ నా వైపు తిరిగాడు. "జిన్నయితే మాఫ్ చేస్తుంటి సార్."

అతను సంతకం పెట్టలేదు. నా రిపోర్టు పట్టుకుని కేసు వేశాడు. కంపెనీ పరిహారం ఇవ్వక తప్పలేదు.

భయపడేవాణ్ణి మూఢుడని వెక్కిరించడం సులువు. నేనూ ఆ పని చాలా చేశాను. ఆ భయం ఎవరికి కలిసొస్తోందని అడగడమే అసలు తనిఖీ అని అక్కడ నేర్చుకున్నాను. ఆ షెడ్డులో జిన్నును ఏమాత్రం నమ్మనివాడు మేనేజరే. దాన్ని పెంచి పోషించిందీ అతనే.