చేతులు ముందుకు చాచిన కుర్చీ

మా మామ పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. పొద్దున చిత్రిక పట్టబోయి చేతుల్లో బలం లేదన్నాడు, మధ్యాహ్నానికి లేడు. బల్మూరు చుట్టుపక్కల కుర్చీ అంటే ఆయన పేరే చెప్పేవారు. కోడలిని గనుక ఆ పేరు నేను పలకను. పోయాడన్న దుఃఖం ఒకటైతే, లోపల నన్ను తొలుస్తున్నది ఇంకొకటి. దాన్ని దాచుకోలేక ఇది రాస్తున్నాను.

మాది వడ్రంగుల ఇల్లు. మామ మొదట నాగళ్లు, గొర్రులు, బండి చక్రాలు చేసేవాడు. వనపర్తిలో ఒక పెద్దింట్లో తలుపు బాగుచేయడానికి పోయి మొదటిసారి సీమ కుర్చీని చూశాడట. దగ్గరికి పోయి కొలుచుకోనివ్వలేదు. కళ్లతో చూసింది గుర్తుపెట్టుకొని మా ఊరి దొర గడికి ఒకటి చేశాడు. కుర్చీ ఎక్కి ఎరగని మనిషి కదా, కూర్చోవడమంటే బాసింపట్టు వేయడమే అనుకొని, దానికి సరిపోయేంత వెడల్పు చేశాడు. దొర మండిపడ్డాడు. దొరసానికి మాత్రం కాళ్లు పైకి ముడుచుకోవచ్చని తెగ నచ్చింది. ఆ పొరపాటే ఆయనకు పేరు తెచ్చింది. గద్వాల నుంచి, నాగర్‌కర్నూలు నుంచి కూడా ఆ వెడల్పు కుర్చీయే కావాలని వచ్చేవారు. కొందరు తమకు కావలసిన కుర్చీ బొమ్మను కాగితం మీద గీయించి తెచ్చేవారు.

ఆయన కళ్లు ఊరికే ఉండేవి కావు. దూడ లేచేటప్పుడు కాళ్లు ఎట్లా ఆనిస్తుందో నిలబడి చూసేవాడు. తేనె అమ్మవచ్చే చెంచుల పక్కన గొంతుకూర్చొని, వెదురును విరగకుండా ఎట్లా వంచుతారని అడిగేవాడు. గద్వాల చీర అంచు చూసి ఒక కుర్చీ వీపుపలక చెక్కాడు. “కూసున్నోడు కుర్చీని మర్వాలె. గదే మన పని” అనేవాడు. తను మాత్రం కూర్చోడు. మాలాంటివాళ్లు కుర్చీ ఎక్కితే గడి ఊరుకోదు. అరచేత్తో అదిమి చూసి, సరే అనేవాడు.

నేను కడుపుతో ఉన్నప్పటి మాట, ఏడో నెల. కాళ్లు వాచి, పొయ్యి దగ్గర గోడ పట్టుకొని లేచేదాన్ని. మామ చూశాడు కాబోలు, అత్త చేతికి తాడు ఇచ్చి, “కోడలి మోకాలెత్తు ఎంతుందో చూసిరా పో” అన్నాడు. సిగ్గుతో చచ్చినంత పనైంది నాకు. పది రోజులకు ఒక పొట్టి కుర్చీ తయారైంది. దాని చేతులు జానెడు ముందుకు చాచి ఉన్నాయి, వాటిని అదిమి లేవడానికి.

“గీ చేతులు ఏ బొమ్మల లేవు బిడ్డా. నాకే తోచినయి. ఇదొక్కటే నా సొంతం” అన్నాడు.

“నీ ముంగట ఎట్ల కూసుంట మామా?”

“నేను అటు తిరుగుత తియ్యి” అని నిజంగానే గోడవైపు తిరిగాడు. ఆయన అంత సంతోషంగా ఉండగా మళ్లీ చూడలేదు నేను.

నాలుగు రోజులు కూర్చున్నాను. ఐదో రోజు గడి జవాను వాకిట్లోకొచ్చి, కుర్చీని చూసి, “ఎవరిదిర ఇది?” అన్నాడు. మామ నోరు తెరిచాడు. ఆయన నిజమే చెప్తాడని నాకు తెలుసు. చెప్తే గడిలో కట్టేసి కొడతారనీ తెలుసు. “దొరసానమ్మకు చేసిండు” అన్నాను, ఆయన కన్నా ముందే. మామ నావైపు ఒకసారి చూశాడు. జవాను ఆ కుర్చీని మామ నెత్తిమీదే మోయించి తీసుకుపోయాడు.

తిరిగొచ్చి, “నువ్వన్నదే మంచిగైంది బిడ్డా, పానం దక్కె” అన్నాడు. ఒక్కనాడూ నన్ను తప్పుపట్టలేదు. కానీ ఆ తర్వాత ఎవరు ఏ బొమ్మ తెస్తే అదే చేశాడు. సొంతంగా ఏదన్నా చెయ్యరాదా అని ఒకసారి అడిగితే, “ఏం తోస్తలేదు” అన్నాడు. ఆ చేతిని ఆపింది నా మాటే. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మా ఇళ్లలో పోయినవారిని పడుకోబెట్టరు, కూర్చోబెట్టే సాగనంపుతారు. అందుకు తగిన పీట కోసం నా పెనిమిటి ఇల్లంతా వెతికాడు. మూడు ఊళ్లకు కుర్చీలు చేసిన ఇంట్లో ఒక్క కుర్చీ లేదు. చివరికి చిత్రిక పట్టే మొద్దు మీద కూర్చోబెట్టారు. ఆనుకోవడానికి ఏమీ లేక ఆయన ఒరిగిపోతుంటే, నేను వెనక కూర్చొని నా వీపు ఆయన వీపుకు ఆనించాను. నా పెనిమిటి ఆయన ఒరగకుండా బట్ట కట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడే జవాను వచ్చాడు, గడిలో మంచం పని సగంలో ఆగిందని అడగడానికి. వాకిట్లో ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఏడుస్తున్న అత్త కూడా లేచింది.

“నువ్వు లేవ్వా?” అన్నాడు నన్ను చూసి.

“లేస్తే మా మామ పడతడు” అన్నాను. “ఆ పొట్టి కుర్చీ నాకు చేసిండు. దొరసానమ్మకు కాదు.”

బట్ట ముడి పడేదాకా నేను కూర్చునే ఉన్నాను.