కాలర్‌కు పడ్డ కత్తెర

మెడ ఎముకల ఆపరేషన్ అయి ఇల్లు చేరిన దగ్గర్నుంచి సీట్ల మేస్త్రి మెడకు కాలర్ ఉంది. గడ్డం కింద నుంచి గుండెల దాకా గట్టి కాలర్. తల వంచకూడదు, తిప్పకూడదు. ఎవరైనా పిలిస్తే తలుపు తిరిగినట్టు మనిషి మొత్తం తిరగాల్సిందే.

బస్సు సీట్లు, సోఫాలు చేసే పని ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాతవి విప్పి, కట్టి, మళ్లీ విప్పి పట్టు సాధించాడు. ఏళ్ల తరబడి తల వంచి చేసిన ఆ పనే మెడకు ఎసరు పెట్టింది. ఎడమ చేతి వేళ్లు మొద్దుబారి, స్పాంజి మెత్తనో గట్టో తెలియకుండా పోయాకే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. ఇప్పుడు స్పర్శ కొద్దికొద్దిగా తిరిగి వస్తోంది. ఎముక అతికేలోగా మెడ కదిలితే ఆ కాస్తా పోవచ్చని డాక్టరు చెప్పాడు. అందుకే కాలర్ మీద ఈగ వాలినా మేస్త్రి ఊరుకునేవాడు కాదు.

చూడ్డానికి వచ్చినవాళ్లు ఊరుకుంటేగా.

"ఇంకా తీయలేదా? మా తోడల్లుడు వారానికే పారేశాడు" అన్నాడొకాయన.

"మీ తోడల్లుడి మెడ ఆయనిష్టం. నాది నాకు కావాలి."

షాపు చూస్తున్నది బావమరిది. మంచివాడే, కానీ చేతులు ఊరికే ఉండవు. గరుకుగా ఏది కనిపించినా నున్నగా చేయాలి. బావ గడ్డం కాలర్ అంచుకు ఒరుసుకుని ఎర్రబడటం చూసి వాడి ప్రాణం ఉసూరుమంది.

ఒకరోజు పొద్దున భార్య మేస్త్రిని వెల్లకిలా పడుకోబెట్టి, తుడవడానికి కాలర్ ముందు భాగం తీసింది. "ఇటివ్వు అక్కా, నేను తుడిచి తెస్తా" అని వాడు పట్టుకెళ్లాడు. కాస్త ఆలస్యంగానే తెచ్చాడు.

మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే మేస్త్రికి ఒళ్లో కంచం కనిపించింది. ఇన్నాళ్లూ కూర ఎటుందో భార్య చెబితే తడుముకుని తిన్నవాడు.

"కంచం కనిపిస్తోందే" అన్నాడు.

భార్య మొహం విప్పారింది. "నయమవుతోందండీ."

మేస్త్రి కుడిచేతి బొటనవేలు కాలర్ అంచు వెంట నడిచింది. అక్కడ మెత్తటి రెగ్జిన్ తగిలింది. దారం పైకి తేలకుండా మడిచి కుట్టిన కుట్టు. ఆ కుట్టు బావమరిదికి నేర్పింది తనే.

"నయమూ లేదు, పాడూ లేదు. నీ తమ్ముడు కాలర్ అంచు కత్తిరించాడు, అందుకే తల వంగుతోంది. ముందు నన్ను పడుకోబెట్టు. తల కదలనీకు."

బావమరిది పరుగున వచ్చాడు. మేస్త్రి పైకప్పునే చూస్తూ మాట్లాడాడు.

"వేలెడే తీశాను బావా. ఒరుసుకుంటోందని..."

"బాగా కుట్టావు. అదే నా మంట. చెక్క మీద స్పాంజి అతికించాక, జిగురు ఆరకముందే పైన పెట్టిన బరువు తీసేసిన పనివాణ్ని నువ్వేం చేశావురా?"

"పొమ్మన్నాను."

"పాపం, స్పాంజికి బరువైందని తీశాడేమో."

"నీకు సుఖంగా ఉంటుందనే కదా బావా."

"సుఖానికి సీటు చేస్తాం. ఇది సీటు కాదు, ఊత. ఈ చెయ్యి పోయాక నీ సుఖాన్ని ఏ గోడకి కొట్టుకోను? చుట్టాలు తీయమని నోటితో అంటే, నువ్వు కత్తెరతోనే తీశావు. ఒక్కమాట అడగలేకపోయావా? నేను మనిషినా, రిపేరుకొచ్చిన కుర్చీనా?"

వాడు ఆసుపత్రికి పోయి, అదే కొలతకు కొత్త కాలర్ తెచ్చాడు. మేస్త్రి లేవకుండానే తొడిగారు. మర్నాడు ఎక్స్‌రే తీసి అతుకు కదల్లేదన్నారు. అతుకు కుదురుగానే ఉంది గానీ మేస్త్రి కోపం చల్లారలేదు. షాపు కత్తెర ఇంటికి తెప్పించాడు.

"ఎక్కడ పెట్టమంటావు బావా?"

"ఎదురుగా ఆ మేకుకి తగిలించు. తల దించకుండా నాకు కనపడాలి."

"మరి షాపులో పని?"

"అడిగి తీసుకెళ్లు. పనయ్యాక తెచ్చి అక్కడే తగిలించు."

వాడు తగిలించాడు. భార్య కంచం తెచ్చి ఒళ్లో పెట్టింది. మేస్త్రికి మళ్లీ కంచం కనపడలేదు. కంచం అడుగున పట్టిన ఎడమ అరచేతికి మాత్రం వెచ్చదనం తెలుస్తోంది. మేస్త్రి కత్తెర మీంచి చూపు తీయకుండానే అడిగాడు.

"కూర ఎటుందిరా?"

"కుడిపక్కన బావా."