నాలుగు జీబీ ర్యామ్

ఆఫీసులో ఒకతను కంప్యూటర్‌లోంచి తీసిన ర్యామ్ అంచును రబ్బరుతో రుద్ది శుభ్రం చేస్తున్నాడు. మా అన్న కూడా నా రబ్బరు అడిగి తీసుకుని అలాగే రుద్దేవాడు. ఆ రబ్బరు వాసనకు ఆ రోజులన్నీ గుర్తొచ్చాయి.

రావల్కోల్‌లో మాది కూరగాయల సాగు. ఇంటర్ అయ్యాక అన్న గేములు ఆడుకోవడానికి చవకలో ఒక కంప్యూటర్ బిగించుకున్నాడు. మేడ్చల్ దుకాణంలో రెండు జీబీ ర్యామ్ చాలన్నారు. అన్న ఒప్పుకోలేదు.

"మెమరీ తక్కువైతే గేమ్ మాటిమాటికి ఆగుతది" అని నాలుగు జీబీది తీసుకున్నాడు.

మెమరీ అంటే ఏందని అడిగితే, "మనం ఆడేదంతా గిండ్లనే ఉంటది" అన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

ఆ వానాకాలంలో హైవే మీద లారీ గుద్ది అన్న పోయాడు. ఇంటినిండా జనం ఏడుస్తుంటే నేను నాకు పెట్టిన అన్నం తిన్నాను. ఏడుపు రాలేదు.

కొన్నాళ్లకు నాయిన కంప్యూటర్‌ను పేట్ బషీరాబాద్‌లో ఉండే ఒకాయనకు అమ్మాడు. ఆయన వచ్చే పొద్దున నేను ర్యామ్ పీకి కంపాస్ బాక్సులో దాచాను. ఆయన ముందు నాయిన ఎంత ప్రయత్నించినా తెర వెలగలేదు. నాయిన నన్ను పక్కకు పిలిచాడు.

"ఏం దీసినవ్ బిడ్డా?"

చూపించాను.

"గిండ్ల ఏముంటది?"

"అన్న ఆడినయన్నీ ఉంటయ్ నాయినా."

నాయిన దాన్ని కాసేపు అరచేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత బయటికెళ్లి, "దీంట్ల మెమరీ లేదు సార్, మీరే ఒకటి ఏసుకోండ్రి" అన్నాడు. ర్యామ్‌ను బీరువాలో అన్న ఫొటో పక్కన పెట్టాడు.

కరెంటు పోతే ర్యామ్‌లో ఏదీ మిగలదని కాలేజీలో చదివాను. ఆ రోజూ నాకేమీ అనిపించలేదు. మొన్న ఇంటికెళ్తే నాయిన అన్న ర్యామ్‌ను బట్టతో తుడుస్తున్నాడు.

"తడి తగలనియ్యకు నాయినా" అని మాత్రం అన్నాను.